బండి లాగడం మానేస్తే బ్యాటరీ వైరు పీకకండి

సంపాదకులకు నమస్కారం.

“హైవే మీద బాగానే పోతా ఉన్న బండి ఉన్నట్టుండి చచ్చుబడిపోయింది. ఎంత తొక్కినా నలభై దాటడం లేదు. మీటర్లో పసుపు లైటు వెలిగింది. ఇంజిన్ పోయిందంటారా?” కార్ల పని చేసే మాలాంటి వాళ్లను జనం తరచుగా అడిగే ప్రశ్న ఇది. కర్నూలు నుంచి అనంతపురం మీదుగా పెనుకొండ దాకా 44వ నంబరు హైవే మీద, కడప నుంచి రాయచోటికి ఎక్కే గువ్వలచెరువు ఘాట్‌లో ఇలా ఆగిన కార్లు కనిపిస్తూనే ఉంటాయి. నూటికి తొంభై పాళ్లు అప్పటికి ఇంజిన్‌కు ఏమీ కాలేదు. కాకముందే దాన్ని కాపాడే ఏర్పాటు ఒకటి పని చేసింది. మా షెడ్లలో దాన్ని లింప్ మోడ్ అంటాం. తెలుగులో కుంటి నడక అనుకోవచ్చు. ఈ విషయం తెలియక చాలామంది పనికిరాని చోట డబ్బు పోస్తున్నారు, కొందరు హైవే మధ్యలో ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ఇప్పటి కార్లలో చాలావాటికి యాక్సిలరేటర్ పెడలుకూ ఇంజిన్‌కూ మధ్య లాగే కేబుల్ తీగ లేదు. మీరు పెడలు తొక్కితే అక్కడున్న సెన్సర్ ఈసీయూ అనే కంప్యూటర్‌కు చెబుతుంది. ఎంత గాలి, ఎంత ఇంధనం ఇవ్వాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. అదే సమయంలో లెక్క సరిచూస్తుంది కూడా. పెడలు ఇంత తొక్కారు కాబట్టి గాలి ఇంత రావాలి, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో ఒత్తిడి ఇంత పెరగాలి, ఇంజెక్టర్లకు డీజిల్ పంచే రైలు పైపులో డీజిల్ ఒత్తిడి ఇంత ఉండాలి. ఈ అంకెలు ఒకదానితో ఒకటి పొసగకపోతే ఎవరు తప్పు చెబుతున్నారో దానికి తెలియదు. కాబట్టి ఎవరు తప్పైనా ఇంజిన్ చెడిపోని స్థాయికి బండిని దించేస్తుంది. టర్బోకు పని చెప్పదు, డీజిల్ తగ్గించేస్తుంది, ఇంజిన్ తిరిగే వేగాన్ని, అంటే ఆర్పీఎంను, రెండు మూడు వేల దగ్గర కట్టేస్తుంది. వేడి ఎక్కువైతే ముందు ఏసీ ఆపుతుంది. ఆటోమేటిక్ బండి అయితే గేరుబాక్సు రెండో గేరులోనో మూడో గేరులోనో ఉండిపోతుంది. మెల్లగా షెడ్డు దాకా పోవడానికి సరిపడా శక్తి మాత్రం మిగులుస్తుంది.

మొదట రోడ్డు మీద చేయాల్సింది చెప్పాలి. పికప్ పడిపోగానే చాలామంది ఇంకా గట్టిగా తొక్కుతూ కుడి వైపు లేన్‌లోనే ఉండిపోతారు. వెనక వంద మీద వచ్చే బస్సుకు ఈ కారు నలభైలో ఉందని తెలిసేలోపే దగ్గరికి వచ్చేసి ఉంటుంది. నాలుగు ఇండికేటర్లూ వేసి, అద్దంలో చూసుకుంటూ ఎడమకు దిగండి. ఆగాల్సి వస్తే తారు రోడ్డు దిగి ఆపండి. కారుతో వచ్చే ఎర్ర త్రికోణాన్ని కనీసం 50 మీటర్లు వెనక పెట్టండి, మలుపు ఉంటే మలుపుకు అవతల పెట్టండి. పిల్లలనూ పెద్దవాళ్లనూ బండిలోంచి దించి రెయిలింగు అవతల నిలబెట్టండి. జాతీయ రహదారి సాయానికి 1033 నంబరు ఉంది, దాన్ని ఫోన్లో పెట్టుకోండి.

ఆగగానే మీటరు చూడండి. ఎర్రగా ఆయిల్ డబ్బా బొమ్మ వెలిగినా, ఉష్ణోగ్రత ముల్లు ఎరుపులోకి పోయినా ఇంజిన్ వెంటనే ఆపాలి, ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. అది కుంటి నడకతో పోయే సంగతి కాదు. పసుపు రంగు ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలుగుతుంటే మెల్లగా పోవచ్చు. అదే బొమ్మ ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంటే, ముఖ్యంగా పెట్రోలు కారు వణుకుతూ ఉంటే, ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు కాలడం లేదన్నమాట. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి అక్కడ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల మండి, దాని పింగాణీ జాలీని కరిగించేస్తుంది. పోయింది ఒక ఇగ్నిషన్ కాయిలే అయినా, అలాగే నడిపితే కన్వర్టర్ కూడా కొనాల్సి వస్తుంది. కొట్టుకునే లైటుతో నడపకండి.

ఎర్ర లైటు ఏదీ లేకపోతే చిన్న పరీక్ష ఒకటుంది. తాళం తీసి రెండు మూడు నిమిషాలు ఆగండి, ఈసీయూ పూర్తిగా ఆగిపోవడానికి ఆ మాత్రం టైము పడుతుంది. మళ్లీ స్టార్ట్ చేసి మెల్లగా నడపండి. స్టార్ట్ చేసిన క్షణంలోనే లింప్ మోడ్ తిరిగి వస్తే అది ఎక్కువగా కరెంటు తప్పు: సెన్సరో, దాని వైరో, వైర్లను కలిపే ప్లగ్గు లాంటి కప్లరో. మామూలుగా నడిచి, మూడో నాలుగో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు, 2500 ఆర్పీఎం దగ్గర పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే వస్తే అది ఎక్కువగా గాలి తప్పు లేదా డీజిల్ తప్పు: పైపు లీకు, టర్బో, ఫిల్టర్. అరగంట నడిచి వేడెక్కాక వస్తే కూలంటు, ఫ్యాను, గేరు ఆయిల్ వైపు చూడాలి. ఎప్పుడొచ్చింది, ఎంత స్పీడులో, ఏ గేరులో, ఏసీ ఉందా, ఎత్తా దిగుడా అని ఒక కాగితం మీద రాసుకుని మెకానిక్‌కు ఇస్తే అతనికి సగం పని తప్పుతుంది.

ఇక చాలామంది చేసే తప్పు. దారిలో ఎవరో చెప్పారని బ్యాటరీ మైనస్ వైరు పది నిమిషాలు పీకి మళ్లీ పెడతారు. లైటు ఆరిపోతుంది, బండి పరుగెడుతుంది, బాగైందని సంతోషిస్తారు. ఆ పది నిమిషాల్లో పోయిందేమిటంటే, తప్పు ఏమిటో చెబుతూ ఈసీయూ రాసిపెట్టుకున్న నంబరు (ఫాల్ట్ కోడ్), దాంతోపాటు ఆ క్షణం నాటి ఫొటోలాంటి వివరం. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. తప్పు జరిగినప్పుడు ఆర్పీఎం ఎంత, స్పీడు ఎంత, ఇంజిన్ వేడి ఎంత, లోడ్ ఎంత, అన్నీ అందులో ఉంటాయి. మేము అన్నిటికంటే ముందు చూసేది దాన్నే. అది చెరిగిపోతే మళ్లీ లింప్ మోడ్ వచ్చేదాకా బండిని తిప్పి తిప్పి చూడాలి. అప్పుడప్పుడూ వచ్చిపోయే తప్పుకు ఆ ఒక్క రికార్డే ఆధారం. వైరు పీకితే కొన్ని కార్లలో పవర్ విండోలు, థ్రాటిల్ (ఇంజిన్‌కు గాలి వదిలే రేకు) నేర్చుకున్న స్థానాలు కూడా మళ్లీ నేర్పించాల్సి వస్తుంది. పీకకపోయినా నష్టం లేదు. తప్పు నిజంగా పోతే, వరసగా మూడుసార్లు అన్నీ సరిగ్గా నడిచాక లైటు తనంతట తానే ఆరుతుంది. నంబరు మాత్రం ఆ తర్వాత 40 సార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారేదాకా లోపల ఉంటుంది.

నంబరు చదవడం పెద్ద విద్య కాదు. స్టీరింగు కింద, మోకాలి దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. 2013 తర్వాత వచ్చిన బీఎస్ 4 (పొగ కాలుష్య ప్రమాణం) కార్లలోనూ, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 కార్లన్నిట్లోనూ అదే సాకెట్. బ్లూటూత్ స్కానర్ ఒకటి కొనుక్కుని ఫోన్‌తో కూడా చదవొచ్చు. సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ ప్లస్, 4, 5 పిన్నులకు ఎర్త్ వస్తాయి. 6కూ 14కూ మధ్య, నంబర్లు రాసుకున్నాక మాత్రమే బ్యాటరీ వైరు తీసి మీటరు పెడితే చాలా కార్లలో 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే కంప్యూటర్లు మాట్లాడుకునే లైను ఒక చోట తెగింది. స్కానర్ అసలు కలవకపోతే దాన్ని తిట్టేముందు సిగరెట్ లైటర్ ఫ్యూజు చూడండి. కొన్ని కార్లలో లైటర్‌కూ స్కానర్ సాకెట్‌కూ ఒకే ఫ్యూజు.

రెండో తప్పు షెడ్లలో జరుగుతోంది, మా వాళ్ల గురించే ఇది చెబుతున్నాం. స్కానర్లో “బూస్ట్ ప్రెషర్ సెన్సర్” (టర్బో నెట్టే గాలి ఒత్తిడి కొలిచేది) అని వస్తే సెన్సర్ మార్చేస్తారు. తప్పు నంబరు ఏ దారిలో వెతకాలో చెబుతుంది, ఏ పార్టు పోయిందో చెప్పదు. ఒకే సెన్సర్ మీద మూడు రకాల ఫిర్యాదులు ఉంటాయి. వోల్టేజి మరీ తక్కువ, వోల్టేజి మరీ ఎక్కువ, విలువ నమ్మేలా లేదు. మొదటి రెండూ వైరు, కప్లర్, సెన్సర్ల వ్యవహారం. మూడోదానిలో సెన్సర్ నిజమే చెబుతోంది, ఇంజిన్‌లోనే ఏదో తేడా ఉంది అనే అవకాశం ఎక్కువ. పి 0238 అంటే బూస్ట్ సెన్సర్ వోల్టేజి ఎక్కువ. పి 0299 అంటే బూస్ట్ నిజంగానే చాలడం లేదు. రెండోదానికి సెన్సర్ మార్చడం జ్వరానికి థర్మామీటర్ మార్చినట్టు.

స్కానర్ ఉన్న ఎవరైనా చేయగల పరీక్ష చెబుతాం. పొద్దున్నే, రాత్రంతా ఆగిన బండికి తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా లైవ్ డేటా చూడండి. కూలంటు ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత రెండూ బయటి వేడికి దగ్గరగా, ఒకదానికొకటి నాలుగైదు డిగ్రీల తేడాలో ఉండాలి. అనంతపురంలో మే నెలలో కూలంటు మైనస్ 40 డిగ్రీలు అని చూపిస్తే ఆ సెన్సర్ వైరు ఎక్కడో తెగింది లేదా కప్లర్ ఊడింది. వైరు ఎర్త్‌కు తగిలితే తల్లకిందులుగా ఎప్పుడూ నూట ముప్పై పైన చూపిస్తుంది. తర్వాత ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ అంకె చూడండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అది వాతావరణ పీడనమే చూపాలి. కడప సముద్ర మట్టానికి సుమారు 138 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ 99, 100 కిలోపాస్కల్స్ రావాలి. కర్నూల్లో 98, అనంతపురం 335 మీటర్ల ఎత్తు కాబట్టి 97 దగ్గర. ఆగిన బండిలో 85 అనో 115 అనో చూపిస్తే ఆ సెన్సర్‌నో దాని వైరింగునో అనుమానించండి. సరిగ్గా చూపిస్తే దాన్ని వదిలేసి పైపుల దగ్గరికి వెళ్లండి.

టర్బో పైపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, డీజిల్ కార్లలో పికప్ పోవడానికి మా దగ్గర ఎక్కువగా కనిపించే కారణం అదే. టర్బో నుంచి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు మందపాటి రబ్బరు హోస్ పైపులు పోతాయి. ఈ ఎండకు, లోపలి ఆయిల్ ఆవిరికి రబ్బరు ఉబ్బి, వంపు లోపలి వైపు లేదా క్లిప్పు కింద సన్నటి చీలిక పడుతుంది. ఐడిల్‌లో, అంటే పెడలు తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, చూస్తే ఏమీ కనిపించదు, ఎందుకంటే చీలిక పెదాలు మూసుకునే ఉంటాయి. పూర్తిగా తొక్కినప్పుడు లోపల ఒత్తిడి పెరిగి అది నోరు తెరుస్తుంది, “స్‌స్‌స్” మని శబ్దం వస్తుంది. మాస్ ఎయిర్ సెన్సర్ లెక్కపెట్టిన గాలి దారిలోనే బయటికి పోతుంది. అది తెలియక ఈసీయూ ఆ గాలికి తగ్గ డీజిల్ ఇచ్చేస్తుంది. వెనక నల్లపొగ వస్తుంది, రెండు సెకన్లలో పి 0299 పడుతుంది, బండి కుంటుతుంది. పైపు పైన నల్లటి జిడ్డు మీద ఎర్రమట్టి అంటుకున్న చోటు చూడండి, లీకు చాలావరకు అక్కడే. లోపల కొద్దిగా ఆయిల్ తడి ఉండడం మామూలే, బయట ఉండకూడదు. అనుమానం ఉన్న పైపు తీసి రెండు చేతులతో వంచి చూడండి, చీలిక తెరుచుకుంటుంది. తీయకుండా చూడాలంటే పైపుకు ఒక చివర మూసి అర బార్ గాలి పెట్టి సబ్బునీళ్లు పూయాలి. అర బార్‌కు మించి పెట్టకండి, సీళ్లు పోతాయి.

పైపు బాగుంటే టర్బో లోపలి రేకులను కదిలించే యాక్చుయేటర్ చూడండి. చాలా డీజిల్ కార్లలో దాన్ని నడిపేది వ్యాక్యూమ్, అంటే గాలి పీల్చే శక్తి. పెన్సిల్ అంత సన్నటి రబ్బరు గొట్టాలు ఇంజిన్ మీద వేడిలో ఎండి విరిగిపోతాయి. చేతి వ్యాక్యూమ్ పంపు పెట్టి లాగితే రాడ్ పట్టు లేకుండా సాఫీగా కదలాలి, లాగి వదిలేస్తే ఒక నిమిషం జారకుండా నిలవాలి. జారితే లోపలి రబ్బరు పొర (డయాఫ్రం) చిల్లు. రాడ్ మధ్యలో పట్టుకుంటే టర్బో లోపలి రేకులకు మసి పట్టింది. ఎప్పుడూ ఊళ్లో రెండో గేరులో తిరిగే బండికి ఈ మసి ఎక్కువ. ఈ పరీక్షలన్నీ అయ్యాక, అప్పటికీ ఒత్తిడి రాకపోతేనే టర్బో విప్పే మాట ఎత్తాలి.

డీజిల్ వైపు చూడాల్సింది రైలు ఒత్తిడి. ఐడిల్‌లో 250 నుంచి 300 బార్ ఉంటుంది. బీఎస్ 4 కార్లలో చాలావాటికి పూర్తి లోడ్‌లో 1600 దాకా, బీఎస్ 6లో కొన్నిటికి 2000 దాకా పోతుంది. స్కానర్ “కావాల్సింది ఇంత, ఉన్నది ఇంత” అని రెండు అంకెలు చూపిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు రెండోది వెనకపడితే పి 0087. ముందు ఫిల్టర్ మార్చండి, కింద ఉన్న నీళ్ల స్క్రూ వదిలి నీళ్లు తీయండి, కొత్త ఫిల్టర్ పెట్టాక పంపుతో గాలి పోయేదాకా నింపండి. గాలి మిగిలినా అదే నంబరు వస్తుంది. మన పల్లెల్లో ట్రాక్టర్ కోసం డ్రమ్ములో నిలవ ఉంచిన డీజిల్‌నే కారుకూ పోస్తుంటారు. ట్రాక్టర్ పాత పంపు దాన్ని ఓర్చుకుంటుంది. కారులోని కామన్ రైలు పంపుకు డీజిలే కందెన, అందులో నీటిచుక్క, దుమ్ము ఉంటే పంపు లోపల ఇనుము అరిగి ఆ పొడి ఇంజెక్టర్లలోకి పోతుంది. దయచేసి డ్రమ్ము డీజిల్ కారుకు పోయకండి. ఫిల్టర్ మార్చినా ఒత్తిడి రాకపోతే నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు కట్టి ఐడిల్‌లో కొద్దిసేపు నడపాలి. నాలుగిట్లో దాదాపు ఒకే మట్టం రావాలి. ఒక సీసా మిగతావాటికంటే బాగా నిండితే ఆ ఇంజెక్టర్ అరిగింది. ఇంజిన్ నడుస్తుండగా రైలు పైపుల నట్లు మాత్రం ఎవరూ వదులు చేయకూడదు, ఆ ఒత్తిడిలో చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

యాక్సిలరేటర్ పెడలు సంగతి. దానిలో ఒకటి కాదు రెండు సెన్సర్లు ఉంటాయి, ఒకటి చెప్పింది రెండోదానితో సరిచూసుకోవడానికి. చాలా కార్లలో కాలు పెట్టనప్పుడు మొదటిది 0.7 నుంచి 0.8 వోల్టు, రెండోది సరిగ్గా దానిలో సగం. మెల్లగా తొక్కుతూ పోతే రెండూ కలిసి పెరగాలి, ఎప్పుడూ ఒకటి రెండోదానికి రెట్టింపుగా ఉండాలి. ఈ జోడీ తప్పితే పి 2138 పడి, ఎంత తొక్కినా ఇంజిన్ ఐడిల్‌కు కాస్త పైనే ఉండిపోతుంది. మీటరు పిన్ను కప్లర్ వెనక నుంచి పెట్టి, పెడలును చాలా నెమ్మదిగా తొక్కండి. అంకె మధ్యలో ఎక్కడైనా ఒక్కసారి సున్నాకు పడి లేస్తే సెన్సర్ లోపలి ట్రాక్ అరిగింది, పెడలు మార్చాలి. పడిపోకుండా వైరును కదిలిస్తే మారుతుంటే పెడలు మంచిదే, కప్లర్ చూడండి. కప్లర్ విప్పితే పిన్ను మీద పచ్చగా చిలుము కనిపించడమో, ఒక పిన్ను మిగతావాటికంటే అర మిల్లీమీటరు వెనక్కి జరిగి ఉండడమో చూస్తారు. ఆ పిన్నును ముందుకు తోసి లాక్ చేస్తే పని అయిపోయింది. దానికి పెడలు సెట్టంతా కొనిపించడం అన్యాయం.

పెట్రోలు కార్లలో థ్రాటిల్ బాడీకీ ఇలాగే రెండు ట్రాకులు. చాలావాటిలో ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది, రెండూ కలిపితే 5 వోల్టులకు దగ్గరగా రావాలి. కరెంటు పూర్తిగా పోతే స్ప్రింగు థ్రాటిల్‌ను కొద్దిగా తెరిచి ఉంచుతుంది, అందుకే బండి ఆగిపోకుండా నడుస్తుంది. మసి పట్టి ఇరుక్కుంటే క్లీనర్‌తో తుడవండి, తాళం ఆన్‌లో ఉండగా రేకును వేలితో తోయకండి, లోపలి పళ్లు విరుగుతాయి.

ఒకేసారి నాలుగైదు సెన్సర్ల నంబర్లు పడితే నాలుగూ పోయాయని నమ్మకండి. ఈసీయూ కొన్ని సెన్సర్లకు కలిపి ఒకే 5 వోల్టుల లైను ఇస్తుంది. ఒక సెన్సర్ లోపల షార్టయితే లైనంతా పడిపోయి, మంచివి కూడా దొంగలైపోతాయి. మీటరు పెట్టి ఆ 5 వోల్టులు చూస్తూ కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీయండి. ఏది ఊడదీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో అదే అసలు దోషి.

దానికంటే ముందు బ్యాటరీ చూడాలి. మన ఎండకు బ్యాటరీలు త్వరగా పోతాయి. ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5. స్టార్టింగు కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ బలహీనం, అలాంటి బండిలో వచ్చే నంబర్లు చాలావరకు అబద్ధాలు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వచ్చే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా ఇదే తంతు. ఇంజిన్ నడుస్తుండగా లైట్లు, ఏసీ వేసి బ్యాటరీ మైనస్‌కూ ఇంజిన్ ఇనుముకూ మధ్య మీటరు పెట్టండి, 0.2 వోల్టు దాటకూడదు.

శనక్కాయల కాలం గురించి రైతులకు ప్రత్యేకంగా చెప్పాలి. పంట ఇంటికొచ్చి, మూటలు పెట్టిన కొట్టం పక్కనే కారు ఆపుతారు. మూటలకు వచ్చిన ఎలుక వెచ్చదనానికి బానెట్‌లోకి పోయి వైరింగు కొరుకుతుంది. బానెట్ తెరవగానే శనక్కాయల పొట్టు కనిపిస్తే తప్పు ఎక్కడుందో వెతకడం సులువే. కొరికిన వైర్లను మెలిపెట్టి టేపు చుట్టకుండా సోల్డర్ చేయించి హీట్ స్లీవ్ వేయించండి. టేపు ఎండకు జిగురు వదిలి రెండు నెలల్లో మళ్లీ అదే లైటు. కారును కొట్టానికి దూరంగా పెట్టండి. వాటర్ సర్వీసులో ఇంజిన్ మీద ప్రెషర్ గన్‌తో నీళ్లు కొట్టించడం కూడా మానండి. నీళ్లు కప్లర్లలో దూరి మర్నాడు లింప్ మోడ్‌తో వచ్చే బండ్లు ఎన్నో.

రెండు చిన్న విషయాలు, రెండూ తేలిగ్గా తేలేవే. బ్రేకు తొక్కితే, అదే సమయంలో యాక్సిలరేటర్ కూడా తొక్కి ఉంటే, ఈసీయూ శక్తి తగ్గిస్తుంది. అది భద్రత కోసం పెట్టిందే. బ్రేకు పెడలు దగ్గరి స్విచ్చి పాడై, కాలు తీసినా బ్రేకు వేసినట్టే చెబుతుంటే బండి ఎప్పటికీ లాగదు. చీకట్లో వెనక గోడ మీద ఎర్ర వెలుగు చూసుకోండి, కాలు తీసినా బ్రేకు లైటు వెలుగుతుంటే ఆ స్విచ్చే. రెండోది, బజారులో కొన్న మందపాటి మ్యాటు. అది జరిగి యాక్సిలరేటర్ కింద చేరితే పెడలు పూర్తిగా దిగదు.

వేడి సంగతి మనకు తెలిసిందే. రేడియేటర్‌లో బోరునీళ్లు పోయడం వల్ల ఇబ్బంది పెరుగుతోంది. మన బోర్ల నీళ్లలో సున్నం ఎక్కువ, గిన్నెలో కాచినప్పుడు అడుగున తెల్లగా పట్టేదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. కూలంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. రేడియేటర్ ముందు భాగంలో ఏసీ కండెన్సర్‌కూ దానికీ మధ్య దుమ్ము, పురుగులు పేరుకుంటాయి, ఏడాదికోసారి రెండింటినీ విడదీసి కడిగించండి. బండి వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తిప్పకండి.

బీఎస్ 6 డీజిల్ కార్లు కొన్నవాళ్లకు డీపీఎఫ్ తలనొప్పి. సైలెన్సర్ లైనులో ఉండే ఈ ఫిల్టర్ మసిని పట్టి ఉంచి, అప్పుడప్పుడూ సుమారు 600 డిగ్రీల వేడిలో తానే కాల్చుకుంటుంది. అందుకు బండి ఆగకుండా ఒక స్పీడులో పోవాలి. అనంతపురంలో టవర్ క్లాక్ నుంచి రుద్రంపేట దాకా, మళ్లీ వెనక్కి, రోజూ ఇంతే తిరిగితే ఆ పని ఎప్పుడూ సగంలో ఆగిపోతుంది. డీపీఎఫ్ లైటు పసుపుగా వెలగ్గానే, అది ఒక్కటే ఉన్నంతవరకు, ట్యాంకులో పావు వంతుకు పైగా డీజిల్ ఉంచుకుని గుత్తి వైపు హైవే ఎక్కి, ఒక గేరు తగ్గించి 2000 ఆర్పీఎంకు పైన 20 నిమిషాలు ఆగకుండా నడపండి. ఆ సమయంలో ఐడిల్ పెరగడం, కాలిన వాసన, బండి ఆపినా ఫ్యాను తిరగడం మామూలే. ఎండుగడ్డి మీద మాత్రం ఆపకండి. డీపీఎఫ్ లైటుతోపాటు ఇంజిన్ లైటు కూడా వెలిగి పికప్ పోతే హైవే మీద తిప్పితే మసి పోదు, షెడ్డులో స్కానర్‌తో కాల్పించాలి. ఇంకో తప్పు ఏదైనా పెండింగులో ఉంటే ఈసీయూ కాల్చడానికి ఒప్పుకోదు, ముందు దాన్ని సరిచేయాలి. పదేపదే సగంలో ఆగిన బండిలో కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది, డిప్ స్టిక్ మీద మట్టం పై గీత దాటితే ఆయిల్ మార్చండి. పోసే ఆయిల్ డబ్బా మీద సీ2 లేదా సీ3 అని మీ కారు పుస్తకంలో ఏది రాసి ఉందో అదే ఉండాలి, మామూలు ఆయిల్ బూడిద ఫిల్టర్‌ను పూడుస్తుంది, ఆ బూడిద కాలదు.

దీనికి విరుగుడుగా డీపీఎఫ్ కోసి పారేసి, ఈసీయూలో ప్రోగ్రాం మార్చే పని ఇప్పుడు జోరుగా సాగుతోంది. చేయించుకోకండి. కారు కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. అంతకంటే, ప్రోగ్రాం మార్చేవాళ్లు చాలాసార్లు మిగతా హెచ్చరికలు కూడా ఆపేస్తారు. అప్పుడు టర్బో నిజంగా పోతున్నా, వేడి ఎక్కుతున్నా బండి కుంటదు, నేరుగా పగులుతుంది. ఆ మసి మన వీధుల్లోని పిల్లలే పీలుస్తారు.

ఆటోమేటిక్ బండ్లలో ఒక ముఖ్యమైన మాట. స్కానర్లో పి 0700 ఒక్కటే కనిపిస్తే అది తప్పు కాదు, గేరుబాక్సు కంప్యూటర్‌లో వేరే తప్పు ఉంది పోయి చూడు అన్న సందేశం. చవక స్కానర్లు అక్కడికి పోలేవు. ఆ లోపలి నంబరు చదవకుండా గేరుబాక్సు దించమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. డ్యూయల్ క్లచ్ బండ్లు ఘాట్‌లో లారీ వెనక అంగుళం అంగుళం పాకితే క్లచ్ వేడెక్కి శక్తి తగ్గిస్తాయి. ఎడమకు ఆపి, గేరు పార్కింగులో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా పది పదిహేను నిమిషాలు ఉంటే వేడి దిగుతుంది.

పని అప్పగించేటప్పుడు మూడు అడగండి. పని మొదలుపెట్టేముందు నంబర్లు, ఫ్రీజ్ ఫ్రేమ్ రెండూ కాగితం మీద రాసి ఇవ్వమనండి, లేదా స్క్రీన్ ఫొటో తీసుకోండి. ఏ పరీక్ష చేసి ఈ పార్టు పోయిందని తేల్చారో అడగండి. మార్చిన పాత పార్టు ఇంటికి తెచ్చుకోండి. పని అయ్యాక ఊళ్లో ఒక చుట్టు చాలదు, ఏ ఎత్తులో తప్పు వచ్చిందో ఆ ఎత్తు మీదే మళ్లీ ఎక్కించి, స్కానర్ పెట్టి చూపించమనండి. మంచి మెకానిక్ ఎవరూ దీనికి కోపం తెచ్చుకోరు.

సంపాదకులకు ఒక విన్నపం. మీ జిల్లా పేజీలో ఒక ఆదివారం ఈ హెచ్చరిక లైట్ల బొమ్మలు రంగుల్లో వేయండి: ఏ లైటుకు ఆపాలి, ఏ లైటుతో మెల్లగా పోవచ్చు, 1033 నంబరుతో సహా. బొమ్మలు, వివరణలు మేము రాసి ఇస్తాం. చాలామంది డ్రైవర్లు దాన్ని కత్తిరించి గ్లవ్ బాక్సులో పెట్టుకుంటారు.

ఇట్లు,
కార్ల వైరింగు, డీజిల్ పని చేసేవాళ్లం,
అనంతపురం